అరకు కొండల్లో షుగర్ వైద్యం మగవాళ్లకు చేరాలంటే ఏం మారాలి?

షుగర్ జబ్బు అనగానే మనకు గుర్తొచ్చేది బొజ్జ, కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం, సాయంత్రం బజ్జీలు. రోజూ కొండ ఎక్కి దిగే, ఒంట్లో కొవ్వే కనిపించని అరకు రైతుకు ఆ జబ్బు ఎందుకొస్తుందిలే అనుకుంటాం. ఆ రైతూ అలాగే అనుకుంటాడు. కొన్నిసార్లు అతణ్ని చూసే వైద్య సిబ్బంది కూడా అలాగే అనుకుంటారు. జబ్బు బయటపడటం ఆలస్యమయ్యేది అక్కడే.

ప్రభుత్వ ఆసుపత్రుల్లో షుగర్ పరీక్ష ఉచితం, మందులూ ఉచితం. అయితే ఉచితమైనంత మాత్రాన అందరికీ అందదు. పరీక్ష ఏ వేళకు చేస్తున్నారు, ఎక్కడ చేస్తున్నారు, ఎవరు చేస్తున్నారు, ఏ పరీక్ష చేస్తున్నారు, ఏం తినమంటున్నారు అన్న అయిదు విషయాలు కొండమీది మగవాడి బతుకుతో కుదరకపోతే కార్యక్రమం కాగితం మీదే ఉంటుంది. ఎక్కడెక్కడ కుదరడం లేదు? కుదిరేలా చేయాలంటే ఏం కావాలి?

మన్యంలో షుగర్ ఉందా?

ముందు దేశం లెక్క చూద్దాం. భారత వైద్య పరిశోధన మండలి 'ఇండియాబ్' అధ్యయనం ఫలితాలు 2023లో వచ్చాయి. వాటి ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి, అంటే పెద్దవాళ్లలో 11.4 శాతం మందికి షుగర్ ఉంది. మరో 13.6 కోట్ల మంది షుగర్ వచ్చే ముందు దశలో ఉన్నారు.

అదే అధ్యయనంలో ఇంకో అంశం ఉంది. షుగర్ ఉన్నవారు పట్టణాల్లో 16.4 శాతం అయితే పల్లెల్లో 8.9 శాతమే. కానీ షుగర్‌కు ముందు దశలో ఉన్నవారి విషయంలో పట్టణానికీ పల్లెకూ దాదాపు తేడా లేదు. అంటే పల్లెలు వెనకాలే వస్తున్నాయని అర్థం.

మగవాళ్ల సంగతి? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో రక్తంలో చక్కెర ఎక్కువగా ఉన్నవారు, లేదా దానికి మందులు వాడుతున్నవారు పురుషుల్లో 15.6 శాతం, మహిళల్లో 13.5 శాతం.

గిరిజనుల ఆరోగ్యంపై డాక్టర్ అభయ్ బంగ్ అధ్యక్షతన కేంద్రం వేసిన నిపుణుల కమిటీ 2018లో నివేదిక ఇచ్చింది. గిరిజన పెద్దల్లో ప్రతి నలుగురిలో ఒకరికి బీపీ ఉందని అది చెప్పింది. 15 నుంచి 54 ఏళ్ల గిరిజన పురుషుల్లో సుమారు 72 శాతం మంది పొగాకు వాడుతున్నారని, సగానికి పైగా మద్యం తాగుతున్నారని కూడా లెక్క చెప్పింది. గిరిజనేతర పురుషుల్లో ఇవి 56 శాతం, 30 శాతం. బీపీ, పొగాకు, మద్యం ఈ మూడూ షుగర్‌తో కలిస్తే గుండెకు, కిడ్నీకి, కాళ్లకు ముప్పు పెరుగుతుంది.

2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడింది. అప్పటి హద్దుల ప్రకారం జనాభా సుమారు తొమ్మిదిన్నర లక్షలు. వారిలో 80 శాతానికి పైగా గిరిజనులే. బగత, వాల్మీకి, కొండదొర, కోటియా, కొండకమ్మర, కోంధు, గదబ, పోర్జ ఇలా ఎన్నో తెగలు. జిల్లాలో వీరిదే మెజారిటీ. కానీ షుగర్ కార్యక్రమం ఫారాలు, పోస్టర్లు, ఆహార పట్టికలు రూపొందేటప్పుడు వీరు గుర్తుకు రారు. ఆ లెక్కన వీరు మైనారిటీయే.

ఇప్పుడు ఏం జరుగుతోంది?

షుగర్, బీపీ, క్యాన్సర్ వంటి జబ్బుల కోసం కేంద్రం 2010లో 100 జిల్లాల్లో ఒక జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. తర్వాత దేశమంతా విస్తరించిన దీన్ని 2023 నుంచి ఎన్‌పీ-ఎన్‌సీడీ అంటున్నారు. పద్ధతి స్థూలంగా ఇదీ:

• 30 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరి ఇంటికీ ఆశా కార్యకర్త వెళ్లి ఒక ఫారం నింపుతారు. వయసు, పొగాకు, మద్యం, నడుము చుట్టుకొలత, శారీరక శ్రమ, కుటుంబంలో షుగర్, బీపీ ఉన్నాయా అన్న ప్రశ్నలకు మార్కులుంటాయి. మొత్తం 4 దాటితే ముందుగా పరీక్షకు పంపాలి.

• ఉపకేంద్రంలో, అంటే ఇప్పుడు ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్ అని పిలుస్తున్న చోట, ఏఎన్‌ఎం లేదా అక్కడి ఆరోగ్య అధికారి వేలి నుంచి రక్తపు చుక్క తీసి చక్కెర చూస్తారు. 140 దాటితే ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టర్ దగ్గరకు పంపుతారు.

• అక్కడ జబ్బు నిర్ధారణ అయితే మందులు మొదలవుతాయి. తర్వాత ప్రతి నెలా మాత్రలు తీసుకోవాలి.

కొండ ప్రాంతాలకు నిబంధనల్లో కొంత వెసులుబాటు ఉంది. మైదానంలో 5 వేల మందికి ఒక ఉపకేంద్రం, 30 వేల మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉండాలి. గిరిజన, కొండ ప్రాంతాల్లో 3 వేలకు, 20 వేలకు ఒకటి చొప్పున ఉండాలి. అయితే ఇది తలల లెక్క. కొండమీద 3 వేల మంది అంటే వాగులు దాటి, గుట్టలు ఎక్కి తిరిగే పదుల కొద్దీ గూడేలు కావచ్చు. డోలీలో రోగిని మోసుకొచ్చే వార్తలు ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి.

మగవాళ్లు ఎక్కడ తప్పిపోతారు?

కార్యక్రమం ఇంటి చుట్టూ అల్లుకుని ఉంది. ఆశా పగలు ఇంటికి వస్తారు. ఆ వేళకు మగవాళ్లు పోడులోనో, కాఫీ తోటలోనో, సంతలోనో, పర్యాటకుల జీపు తోలుతూనో ఉంటారు. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా కాఫీ పండ్ల కోత. చైత్రంలో ఇటుకల పండుగ వస్తే మగవాళ్లు వేటకు అడవికి వెళ్లడం ఆచారం. పనులు లేని నెలల్లో కొందరు మైదానానికి, పక్క రాష్ట్రాలకు కూలికి పోతారు.

రెండోది, పలకరించేది ఎవరన్నది. నిబంధనల ప్రకారం ఆశాలు అందరూ మహిళలే. ఏఎన్‌ఎంలూ మహిళలే. గర్భిణులు, బాలింతలు, పసిపిల్లల కోసం ఏర్పడిన వ్యవస్థ ఇది. ఆ పని గొప్పగా చేసింది కూడా. అందుకే ఊళ్లో చాలామంది మగవాళ్ల దృష్టిలో ఆరోగ్య కేంద్రం అంటే ఆడవాళ్లు, పిల్లలు వెళ్లే చోటు. జ్వరం వస్తేనో, దెబ్బ తగిలితేనో తప్ప తమకు అక్కడ పనుందని వారు అనుకోరు.

మూడోది, షుగర్ మొదట్లో నొప్పి పెట్టదు. దాహం, మాటిమాటికీ మూత్రం, నీరసం, బరువు తగ్గడం, మానని పుండు ఇవే గుర్తులు. కొండల్లో నీరసానికి, బరువు తగ్గడానికి మలేరియా, రక్తహీనత, క్షయ అని వేరే కారణాలు ముందే సిద్ధంగా ఉంటాయి. పైగా షుగర్ ఉన్నవారికి క్షయ వచ్చే అవకాశం రెండు మూడు రెట్లు ఎక్కువ. అందుకే క్షయ రోగులందరికీ షుగర్ పరీక్ష, షుగర్ రోగులకు క్షయ లక్షణాల పరిశీలన చేయాలని జాతీయ మార్గదర్శకాలు 2017 నుంచీ చెబుతున్నాయి.

సన్నగా ఉంటే షుగర్ రాదా?

ఆశా నింపే ఫారాన్నే ఒకసారి చూడండి. మగవాళ్లకు నడుము 90 సెంటీమీటర్లలోపు ఉంటే సున్నా మార్కులు. వారానికి 150 నిమిషాలు శ్రమ చేస్తే సున్నా. కుటుంబంలో ఎవరికైనా షుగర్ ఉంటే రెండు, లేదంటే సున్నా.

ఇప్పుడు 38 ఏళ్ల కొండ రైతును ఊహించుకోండి. వయసుకు ఒక మార్కు. అప్పుడప్పుడు చుట్ట కాలుస్తాడు కాబట్టి ఇంకొకటి. సన్నగా ఉన్నాడు, సున్నా. రోజంతా శ్రమే, సున్నా. అమ్మానాన్నలకు షుగర్ ఉందా అంటే వారికి ఎన్నడూ పరీక్షే జరగలేదు, కాబట్టి అదీ సున్నా. మొత్తం రెండు. ముందు వరుసలో అతను ఉండడు.

నిబంధన ప్రకారం మార్కులతో పని లేకుండా 30 దాటిన అందరికీ పరీక్ష జరగాలి. కానీ చేతిలో స్ట్రిప్పులు తక్కువ, తిరగాల్సిన గూడేలు ఎక్కువ ఉన్నచోట మార్కులు తక్కువ వచ్చినవారు వెనకబడటం సహజం.

సన్నటి వాళ్లలో వచ్చే షుగర్ కొత్త విషయం కాదు. పోషకాహార లోపంతో ముడిపడిన షుగర్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ 1985లో ఒక రకంగా గుర్తించి, 1999లో ఆ జాబితా నుంచి తీసేసింది. 2022లో వేలూరు సీఎంసీ, అమెరికా పరిశోధకులు కలిసి బరువు బాగా తక్కువున్న భారతీయ పురుషులపై చేసిన అధ్యయనం ఈ చర్చను మళ్లీ లేపింది. వీరిలో ప్రధాన లోపం ఇన్సులిన్ సరిగా తయారు కాకపోవడమేనని, లావుగా ఉన్నవారిలో కనిపించే టైప్ 2కు ఇది భిన్నమని అది చూపింది. 2025 ఏప్రిల్‌లో బ్యాంకాక్‌లో జరిగిన సదస్సులో అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య దీనికి 'టైప్ 5' అని పేరు పెట్టింది. అందరు నిపుణులూ ఈ పేరును ఒప్పుకోవడం లేదు.

పేరు ఏదైనా ఆచరణలో తేలేది ఒకటే. సన్నటి షుగర్ రోగికి "బరువు తగ్గు, తిండి తగ్గించు" అని చెప్పడం పొరపాటు. అతనికి కావాల్సింది మంచి తిండి, సరైన మందు. అది ఏ రకం షుగరో డాక్టర్ తేల్చాలి. ఒకే సలహా పత్రం అందరికీ పంచితే మేలు కంటే కీడు ఎక్కువ.

ఏ పరీక్షను నమ్మాలి?

పట్నంలో షుగర్ ఉన్నవారికి బాగా తెలిసిన పరీక్ష హెచ్‌బీఏ1సీ. మూడు నెలల సగటు చెబుతుంది, పరగడుపున ఉండక్కర్లేదు. 5.7 లోపు మామూలు, 6.5 లేదా ఆపైన షుగర్. కొండల్లో ఈ పరీక్ష ఒక్కదాన్నే నమ్మితే లెక్క తప్పవచ్చు.

కారణం, ఈ పరీక్ష చక్కెరను నేరుగా కొలవదు. ఎర్ర రక్తకణంలోని హిమోగ్లోబిన్‌కు ఎంత చక్కెర అంటుకుందో చూస్తుంది. కణం సాధారణంగా సుమారు 120 రోజులు బతుకుతుంది. ఏ కారణం వల్లైనా కణాలు ముందే చనిపోతే చక్కెర అంటుకునే సమయం తగ్గి, ఫలితం ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది. సికిల్ సెల్ జబ్బు, మలేరియా, జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఇలాంటివే. ఇనుము లోపంతో వచ్చే రక్తహీనతలో దీనికి విరుద్ధంగా ఫలితం ఎక్కువ చూపించవచ్చు. ఇవన్నీ గిరిజన ప్రాంతాల్లో తరచూ కనిపించేవే.

జీ6పీడీ లోపం మగవాళ్లకు మరీ ముఖ్యం. ఆ జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. మగవాడికి ఎక్స్ ఒక్కటే కాబట్టి లోపం పూర్తిగా బయటపడుతుంది. 2017లో సుమారు లక్షా 60 వేల మంది సమాచారంతో వచ్చిన ఒక అంతర్జాతీయ అధ్యయనం, ఈ లోపం ఉన్న ఆఫ్రికన్ అమెరికన్లలో హెచ్‌బీఏ1సీ తక్కువ చూపించి షుగర్ బయటపడకుండా పోయే ప్రమాదం ఉందని హెచ్చరించింది. అదే ఇబ్బంది మలేరియా ప్రభావం ఉన్న మన కొండల్లోనూ ఎదురవుతుంది.

పరిష్కారం ఖరీదైనదేం కాదు. కొండల్లో నిర్ధారణకు పరగడుపు పరీక్ష, లేదా 75 గ్రాముల గ్లూకోజు తాగిన రెండు గంటల తర్వాతి పరీక్ష వాడాలి. పరగడుపున 126, గ్లూకోజు తర్వాత 200 లేదా ఆపైన వస్తే షుగర్. 2023 జులై 1న మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ కింద 40 ఏళ్లలోపు వారికి పరీక్షలు చేసి కార్డులు ఇస్తున్నారు. ఆ కార్డులో ఉన్న సమాచారం షుగర్ చీటీలోనూ ఎక్కితే, ఎవరికి ఏ పరీక్ష నమ్మదగిందో డాక్టర్‌కు వెంటనే తెలుస్తుంది.

మాత్ర కొండ ఎక్కేదెలా?

షుగర్ వైద్యంలో కష్టమైన పని జబ్బు కనిపెట్టడం కాదు, ఏళ్ల తరబడి మాత్ర ఆగకుండా చూడటం. నెలకోసారి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వచ్చి మాత్రలు తీసుకెళ్లమంటే, కొండమీది కూలీకి ఒక రోజు కూలి పోతుంది, జీపు ఛార్జీ అవుతుంది. ఒంట్లో బాగానే ఉన్నట్టు అనిపిస్తే రెండో నెలే మానేస్తాడు.

కరోనా సమయంలో, 2020లో, బీపీ, షుగర్ రోగులకు మూడు నెలల మందులు ఒకేసారి ఇవ్వవచ్చని కేంద్రం సూచించింది. ఆపత్కాలంలో చేయగలిగింది కొండల్లో మామూలు రోజుల్లోనూ చేయవచ్చు. జబ్బు అదుపులో ఉన్నవారికి రెండు మూడు నెలల మాత్రలు, కూలికి బయటి ఊరు వెళ్లేవారికి ఏ ఆరోగ్య కేంద్రంలోనైనా చూపించి మందులు తీసుకోగల చీటీ ఉండాలి.

ఇన్సులిన్ వాడేవారి ఇబ్బంది వేరు. తెరవని సీసాను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. ఫ్రిజ్ లేని ఇంట్లో తడి ఇసుక పోసిన మట్టికుండలో ఉంచితే వేడి తగ్గుతుంది. నిల్వ సీసాలు ఆరోగ్య కేంద్రం ఫ్రిజ్‌లో ఉంచి, వాడుతున్న సీసా మాత్రమే ఇంటికి ఇవ్వడం మంచి పద్ధతి. తెరిచిన సీసాను సాధారణంగా నాలుగు వారాలకు మించి వాడకూడదు.

ఓట్స్ కాదు, చోళ్ల సంగతి చెప్పండి

ఆహార పట్టికలో "రెండు పుల్కాలు, ఓట్స్, ఒక యాపిల్" అని ఉంటే అది గూడెంలో ఎవరికీ పనికిరాదు. ఇక్కడి తిండి చోళ్లు, సామలు, కొర్రలు, కందులు, రాజ్మా, దుంపలు, అడవి ఆకుకూరలు, అప్పుడప్పుడు చేప, కోడి. దీనికి తోడు రేషన్ బియ్యం. అంత్యోదయ కార్డు ఉన్న కుటుంబానికి నెలకు 35 కిలోలు వస్తుంది. ఆకలి తీర్చడంలో దాని పాత్ర పెద్దది. పళ్లెం నిండా తెల్లన్నం, పక్కన పలుచటి చారు అయిపోతేనే చిక్కు.

సలహా ఇలా ఉంటే పనికొస్తుంది: అన్నం ఒక పూటకు పరిమితం చేయండి. పళ్లెంలో కందిపప్పో, రాజ్మానో, కూరో సగం ఉండేలా చూసుకోండి. సామలు, కొర్రలు మళ్లీ వండుకోండి. అమ్మేసే రాజ్మాలో కొంత ఇంటికి ఉంచుకోండి.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. చోడి అంబలి తాగితే షుగర్ రాదనే నమ్మకం ఉంది. చోళ్లలో పీచు, కాల్షియం ఎక్కువే, కానీ పిండి పదార్థమూ ఎక్కువే. మెత్తగా దంచి పలుచగా కాచిన అంబలి త్వరగా అరిగి చక్కెరను పెంచగలదు. ఎంత తాగుతున్నారన్నది చూసుకోవాలి.

కల్లు, సారా గురించి తిట్టకుండా మాట్లాడాలి

జీలుగు కల్లు, ఇప్పసారా కొండల్లో పండుగలో, పెళ్లిలో, పంచాయితీలో భాగం. "తాగడం మానితేనే మందు ఇస్తాం" అంటే మనిషి మానేది మందునే, తాగుడును కాదు. పూర్తిగా మానడమే మేలు. కానీ మానలేని వాడికీ ప్రాణం కాపాడే మాట ఒకటి చెప్పి తీరాలి.

షుగర్‌కు సాధారణంగా మొదట మెట్‌ఫార్మిన్ ఇస్తారు. సరిపోకపోతే గ్లిమిపిరైడ్ వంటిది కలుపుతారు. గ్లిమిపిరైడ్ గానీ ఇన్సులిన్ గానీ తీసుకుని, ఏమీ తినకుండా మద్యం తాగితే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. చెమటలు, వణుకు, మాట తడబడటం, తూలడం మొదలవుతాయి. చూసేవాళ్లకు అది తాగిన మైకంలా కనిపిస్తుంది. "పడుకోనివ్వండి, దిగిపోతుంది" అని వదిలేస్తే ప్రాణం పోవచ్చు.

అందుకే ఈ మాట రోగికే కాదు, అతని భార్యకు, తోటి స్నేహితులకు కూడా చెప్పాలి. మెలకువగా ఉంటే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి వెంటనే తాగించాలి. పావుగంటలో తేరుకోకపోతే మళ్లీ ఇవ్వాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు, పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి. మెట్‌ఫార్మిన్ వాడుతూ విపరీతంగా తాగడం కూడా ప్రమాదమే. ఇది డాక్టర్‌కు నిజం చెప్పగలిగే వాతావరణం ఉంటేనే తేలుతుంది.

మగవాళ్లు అడగలేని ప్రశ్న

షుగర్ ఉన్న మగవాళ్లలో అంగస్తంభన లోపం చాలా ఎక్కువ. 145 అధ్యయనాలను కలిపి 2017లో చేసిన విశ్లేషణలో ఇది సగానికి కాస్త పైగా కనిపించింది. ఒక్కోసారి ఇది గుండె జబ్బుకు ముందస్తు సూచన కూడా. చాలామంది మాత్రల వల్లే ఇలా అయిందని అనుకుని మాత్రలు మానేస్తారు. నిజానికి షుగర్ అదుపు తప్పడమే తరచూ కారణం.

ఈ మాటను తన అక్కో చెల్లో వరసయ్యే ఆశాతో ఏ మగవాడూ చెప్పడు. అందుకే మగ సిబ్బంది, తలుపు మూసుకునే గది, దుబాసీ లేకుండా మాట్లాడగల భాష అవసరం. అరకు చుట్టుపక్కల చాలామంది ఇళ్లలో ఆదివాసీ ఒరియా, కువి వంటి భాషలు మాట్లాడతారు. రాష్ట్రంలో 2004 ప్రాంతంలో గిరిజన భాషల్లో మొదలైన ప్రాథమిక విద్యా కార్యక్రమం ఈ భాషలకు తెలుగు లిపిలో పుస్తకాలు తెచ్చింది. బడి పుస్తకం రాగలిగిన భాషలో మందుల చీటీ, చిన్న ఆడియో సందేశం రావడం కష్టం కాదు.

ఇతర చోట్ల ఏం పనిచేసింది?

• లాస్ ఏంజిలస్ క్షౌరశాలలు: బీపీ ఉన్న 319 మంది నల్లజాతి పురుషులతో 52 క్షౌరశాలల్లో చేసిన ప్రయోగం 2018లో వెలువడింది. జుట్టు కత్తిరించుకునే చోటికే ఫార్మసిస్టు వచ్చి మందు ఇచ్చి, మార్చి, గమనించారు. ఆరు నెలల్లో పై బీపీ సగటున 27 పాయింట్లు తగ్గింది. క్షురకుల సలహా మాత్రమే అందుకున్నవారిలో 9.3 పాయింట్లే. మాట చెప్పి పంపడం కంటే వైద్యాన్నే అక్కడికి తేవడం పనిచేసింది.

• అమెరికా ఆదివాసీలు: అక్కడి మూలవాసుల్లో షుగర్ చాలా ఎక్కువ. 1997లో వారికోసం ప్రత్యేక నిధి ఏర్పడింది. తెగల సంస్థలే తమ ఊరికి తగ్గట్టు కార్యక్రమాలు నడిపాయి. 1996-2013 మధ్య షుగర్ వల్ల కిడ్నీలు పూర్తిగా దెబ్బతినే కేసులు వారిలో 54 శాతం తగ్గాయి.

• ఛత్తీస్‌గఢ్ గనియారీ: బిలాస్‌పూర్ దగ్గర జన్ స్వాస్థ్య సహయోగ్ సంస్థ ఒకే దీర్ఘకాలిక జబ్బు ఉన్నవారిని ఊళ్లలో బృందాలుగా కలుపుతోంది. మందు మానేసిన వాణ్ని ముందు పలకరించేది తోటి రోగే.

• తెలంగాణ: 2017లో కొన్ని రాష్ట్రాల్లో మొదలైన బీపీ నియంత్రణ కార్యక్రమంలో తెలంగాణ కూడా ఉంది. అందరికీ ఒకే సరళమైన మందుల క్రమం, నిల్వలు అడుగంటకుండా చూడటం, రోగి బీపీ అదుపులో ఉందా అని లెక్క పెట్టడం దీని పునాది. 2022లో దీనికి ఐక్యరాజ్య సమితి పురస్కారం వచ్చింది.

అరకుకు తగ్గ ప్రణాళిక ఎలా ఉండొచ్చు?

లాస్ ఏంజిలస్‌కు క్షౌరశాల ఎలాగో, అరకుకు వారపు సంత అలాగ. పసుపు, అల్లం, రాజ్మా అమ్మడానికి, ఉప్పూ చేపా కొనడానికి కొండలన్నీ దిగివచ్చే రోజు అది. ఉన్న వ్యవస్థతోనే చేయగలిగినవి ఇవి:

• సంతలో ఉదయం పూట స్థిరమైన పరీక్షా శిబిరం. మధ్యాహ్నానికి తాగుడు మొదలవుతుంది కాబట్టి వేళ ముఖ్యం. ఏడాదికోసారి పెట్టే మెగా క్యాంపు కంటే, ప్రతి వారం అదే చెట్టు కింద అదే మనిషి కూర్చోవడం మేలు.

• సంతలో 140 దాటినవారికి, రెండు మూడు రోజుల్లో తెల్లవారుజామున, పొలానికి వెళ్లకముందే, గూడెంలోనే పరగడుపు పరీక్ష.

• మలేరియా పనిలో ఉన్న పురుష ఆరోగ్య కార్యకర్తలకు షుగర్, బీపీ పరీక్షల బాధ్యత. జ్వరమొస్తే రక్తపరీక్ష చేయించుకోవడం కొండ మగవాడికి అలవాటే. అదే వేలి గుచ్చుడుతో చక్కెర కూడా చూడవచ్చు.

• కాఫీ కొనుగోలు కేంద్రాలు, జీపు స్టాండ్లు, ఉపాధి హామీ పనిస్థలాల దగ్గర మాత్రల పంపిణీ. 104 సంచార వాహనాలు, గదబ, పోర్జ, కోంధు వంటి బలహీన తెగల కోసం 2023లో వచ్చిన పీఎం జన్‌మన్ సంచార వైద్య వాహనాలు ఇదే దారిలో ఆగవచ్చు.

• షుగర్ ఉన్న స్థానిక మగవారే నడిపే చిన్న బృందాలు. గ్రామసభలో, కులపెద్దలతో ముందు మాట్లాడి మొదలుపెట్టాలి.

• ప్రతి రోగికీ ఏడాదికోసారి పాదాలు, కళ్లు, మూత్ర పరీక్ష. చెప్పుల్లేకుండా నడిచే చోట స్పర్శ పోయిన పాదానికి ముల్లు గుచ్చుకున్నా తెలియదు. పుండు ముదిరితే కాలే తీసేయాల్సి వస్తుంది.

• కష్టమైన కేసులకు ఈ-సంజీవని ద్వారా డాక్టర్ సలహా. పాడేరులో 50 సీట్లతో వచ్చిన ప్రభుత్వ వైద్య కళాశాల నిపుణులు కొండ దిగకుండానే అందుబాటులోకి రావడానికి ఒక అవకాశం.

ఫలితాన్ని ఎలా కొలవాలి?

"ఇంతమందికి పరీక్షలు చేశాం" అన్న అంకె పెద్దగా కనిపిస్తుంది, కానీ ఆ ఒక్కటీ చాలదు. మండలంలో 30 దాటిన మగవాళ్లు ఎంతమంది, వారిలో పరీక్ష జరిగింది ఎంతమందికి, జబ్బు తేలినవారిలో ఏడాది తర్వాత కూడా మందు వాడుతున్నది ఎందరు, వారిలో పరగడుపు చక్కెర 126లోపు ఉన్నది ఎందరు అన్న నాలుగు అంకెలు కావాలి. ఆడ, మగ, తెగ, గూడెం వారీగా అవి విడివిడిగా తెలియాలి. అన్నీ కలిపేసిన సగటులో, ఎప్పుడూ పరీక్షకు రాని మగవాడు కనపడడు.

మీరు చేయగలిగింది

మీ ఇంట్లో, ఆఫీసులో, సైట్‌లో పనిచేసేవారిలో మన్యం నుంచి వచ్చినవారు ఉండొచ్చు. మీ సొంత ఊరే అటువైపు కావచ్చు. ఈ సంగతులు వారితో చెప్పండి:

• 30 దాటితే, సన్నగా ఉన్నా సరే, ఏడాదికోసారి షుగర్, బీపీ చూపించుకోవాలి. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఇది ఉచితం.

• బరువు తగ్గుతూ దాహం, మూత్రం ఎక్కువైతే ఏడాది ఆగకుండా వెంటనే వెళ్లాలి.

• హెచ్‌బీఏ1సీ చేయించుకుంటే సికిల్ సెల్, రక్తహీనత, ఇటీవలి మలేరియా, రక్తం ఎక్కించుకోవడం గురించి డాక్టర్‌కు ముందే చెప్పాలి.

• పని కోసం ఊరు మారేటప్పుడు మందుల చీటీ ఫొటో తీసి ఫోన్‌లో ఉంచుకోవాలి. కొత్త ఊరి ఆరోగ్య కేంద్రంలో అది చూపిస్తే వైద్యం మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సిన పని ఉండదు.

• డాక్టర్‌ను అడగకుండా మాత్రలు మానకూడదు. నాటు మందు వాడుతుంటే దాచకూడదు.

• సలహా కోసం 104, అత్యవసరానికి 108. మద్యం మానాలనుకునేవారు, మానసికంగా కుంగినవారు టెలీ మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.